అక్వేరియం పెంపకందారుల సంఘం, తిరుపతి: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గడిచిన ఏడాది సంఘం చేసిన పనుల వివరాలు ఇవి. జమాఖర్చుల పత్రం విడిగా జతచేశాం, అందులో చెప్పుకోదగ్గ విశేషాలేమీ లేవు. సభ్యత్వ రుసుము పెంచడం లేదు. ఇక అసలు సంగతికి వద్దాం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఒకటే. నియాన్ టెట్రాలు, రామ్‌లు, ఏంజెల్ చేపలు ట్యాంకులో హాయిగా తిరుగుతున్నాయి, గుడ్లూ పెడుతున్నాయి, మరి ఆ గుడ్లు మర్నాటికల్లా తెల్లబడి బూజు పట్టిపోతున్నాయెందుకు? చెన్నై కొళత్తూరు నుంచి తెచ్చిన చేపల్లోనే లోపముందని కొందరు, మగచేప పనికిరాదని కొందరు సర్దిచెప్పుకుంటూ వచ్చారు. కార్యవర్గానికి మాత్రం నీళ్ల మీదే అనుమానం. అందుకే ఈ ఏడాది కార్యక్రమాలు దాదాపు అన్నీ నీళ్ల చుట్టూనే తిరిగాయి.

మొదట నీళ్ల పరీక్ష పెట్టాం. కరకంబాడి రోడ్డు, తిరుచానూరు, మంగళం, చంద్రగిరి వైపు సభ్యులు ఇంటి నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చారు. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్లు పోసి, కిట్‌లోని మందు ఒక్కో చుక్కే వేస్తూ, ప్రతి చుక్కకీ మూతపెట్టి ఊపాలి. నారింజ రంగు ఆకుపచ్చకు తిరిగేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీల కాఠిన్యం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల లెక్క. అది ఎక్కువుంటే గట్టి నీళ్లు, తక్కువుంటే మెత్తటి నీళ్లు. కొన్ని బోరు సీసాల దగ్గర లెక్కపెట్టేవాళ్లకే విసుగొచ్చింది. ఊళ్లోకి కల్యాణి డ్యాం నీళ్లూ వస్తాయి, తెలుగుగంగ నీళ్లూ వస్తాయి. అపార్టుమెంటు సంపులో వాటికి బోరు తోడవుతుంది. కాబట్టి తిరుపతి నీళ్లు ఇంత అని ఒక్క లెక్క చెప్పడానికి లేదు, ఎవరి సంపు నీళ్లు వాళ్లు చూసుకోవాల్సిందే.

మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకపోతే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదు. ఒక డిగ్రీ అంటే సుమారు 17.9 మిల్లీగ్రాములు. అంటే మనం నిశ్చింతగా తాగే నీళ్లు 11 డిగ్రీలు ఉండొచ్చు, 33 కూడా ఉండొచ్చు. నియాన్ గుడ్లకు కావాల్సింది ఒకటి రెండు డిగ్రీలు, పీహెచ్ (ఆమ్లత్వం కొలత, ఏడు కంటే ఎంత తగ్గితే అంత ఆమ్లం) ఆరు లోపు. వాటి పుట్టిల్లు అమెజాన్ ఎగువ పాయలు, అక్కడి నీళ్లలో సున్నం జాడే ఉండదు. పెద్ద చేప గట్టి నీళ్లకు అలవాటుపడుతుంది, గుడ్డు మాత్రం అలవాటుపడదు. కాల్షియం ఎక్కువైతే గుడ్డు పైపొర గట్టిపడి ఫలదీకరణే దెబ్బతింటుంది.

ఇక్కడే సభ్యుల మధ్య పెద్ద వాదన నడిచింది. ‘పీహెచ్ డౌన్’ సీసా ఒకటి కొని పోస్తే సరిపోదా అని. సరిపోదని చూపించడానికి సమావేశంలోనే బోరు నీళ్లు ఒక బకెట్‌లో పట్టి, పీహెచ్ ఆరుకు దిగేదాకా ఆమ్లం కలిపి, ఎయిర్ పంపు పెట్టి వదిలేశాం. మర్నాడు ఉదయం చూస్తే పీహెచ్ మళ్లీ ఎనిమిది దగ్గరికి ఎగబాకింది. కారణం కేహెచ్, అంటే కార్బొనేట్ కాఠిన్యం. పోసిన ఆమ్లంలో ఎక్కువ భాగాన్ని బైకార్బొనేట్లు పట్టేసుకుని కార్బన్ డయాక్సైడ్‌గా మారతాయి. ఆ వాయువు నీళ్లలో ఉన్నంతసేపే పీహెచ్ దిగినట్టు కనిపిస్తుంది, బుడగలతో బయటికి పోయాక మిగిలిన బైకార్బొనేట్లు దాన్ని మళ్లీ పైకి తోస్తాయి. ఇంకా పోస్తే ఇంకా ఊగుతుంది, ఆ ఊపుకే చేప సగం చస్తుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంతో చేసిన మందైతే నాచు అదనం. ముందు కేహెచ్ దించాలి, పీహెచ్ దాని వెంట దానంతటదే వస్తుంది. ఈ నివేదికలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోండి.

కేహెచ్ దించడానికి నమ్మకమైన దారి ఆర్వో నీళ్లు కలపడం. లెక్క తేలిక: ఇంటి నీళ్లు 20 డిగ్రీలైతే, ఒక బిందెకు నాలుగు బిందెల ఆర్వో కలిపితే నాలుగు డిగ్రీలకు వస్తుంది. క్యాన్ నీళ్లు కూడా చాలావరకు ఆర్వోవే, కానీ రుచికోసం మళ్లీ లవణాలు కలిపే ప్లాంట్లున్నాయి, పరీక్షించకుండా పోయకండి. అపార్టుమెంట్లలో ఉప్పు పోసి నడిపే సాఫ్ట్‌నర్ నీళ్లు ఈ పనికి రావు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, కేహెచ్ జోలికే పోదు. టీడీఎస్ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపే చూపిస్తుంది, ఆ తేడా పట్టుకోలేదు కూడా.

వాన నీళ్ల మీద కార్యవర్గానికి ప్రత్యేకమైన మక్కువ ఉందని కొందరు ఎగతాళి చేశారు, ఒప్పుకుంటాం. మన వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో పడతాయి, అదే మనకు బ్రీడింగ్ సీజన్. మొదటి జల్లులు వదిలేసి తర్వాతి వాన పట్టాలి. సిమెంటు మిద్దె మీద జారిన వానకు సున్నం అంటుతుంది కాబట్టి ప్లాస్టిక్ పట్టా కట్టి డ్రమ్ములోకి దింపుకోవడం మేలు. కోరీ చేపలు పెంచేవాళ్లకైతే చల్లటి వాన నీళ్లతో కొంత నీరు మార్చడమే గుడ్లు పెట్టించే చిట్కా.

రాలిన బాదం ఆకులు వేస్తే నీళ్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. టానిన్లు కొంత ఆమ్లత్వం ఇస్తాయి, బూజును కాస్త అడ్డుకుంటాయి. అయితే గట్టి నీళ్లలో ఎన్ని ఆకులు వేసినా రంగే మారుతుంది, పీహెచ్ కదలదు. ట్యాంకు అడుగున చలువరాయి ముక్కలో గవ్వలో ఉంటే పైన ఎంత చేసినా వృథా. రాయి మీద వెనిగర్ చుక్క వేయండి, నురగ వస్తే తీసి పడేయండి.

మెత్తటి నీళ్లకు ఇంకో ముప్పుంది. కేహెచ్ మరీ సున్నాకు దగ్గరైతే పీహెచ్‌ను పట్టి ఉంచేదేమీ ఉండదు, రాత్రికి రాత్రి పడిపోవచ్చు. ఆరు లోపు, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను తినే ఫిల్టరు బ్యాక్టీరియా మందగిస్తుంది. అంత తక్కువ పీహెచ్‌లో మిగిలిన అమ్మోనియా ‘అమ్మోనియం’ రూపంలో ఉండి అంతగా హాని చేయదు. పీహెచ్ పడిందని కంగారుపడి గట్టి నీళ్లు గుమ్మరిస్తే అదే మళ్లీ విషంగా మారుతుంది. ఏ మార్పయినా సెలైన్ సెట్టు పైపుతో చుక్కచుక్కగానే చేయమని పదేపదే చెబుతున్నాం. వినని వాళ్లు చేపలు పోయాక ఫోన్ చేస్తున్నారు.

ఫలితాల విషయానికొస్తే, బైరాగిపట్టెడ సభ్యుడి ఇంట ఏంజెల్ గుడ్లు ఈసారి తెల్లబడలేదు, మూడో రోజుకు పొదిగాయి. నియాన్లు కొంచెం సతాయించాయి. వాటి గుడ్లకు వెలుతురు పడదు, ట్యాంకు చుట్టూ నల్ల కాగితం కట్టాక మొదటి పిల్లలు కనిపించాయి. గప్పీ, మోలీ, ప్లాటీ పెంచేవాళ్లు ఇదంతా చదివి టెన్షన్ పడొద్దు. వాటికి మన బోరు నీళ్లే బంగారం. డిస్కస్ చేపల పనిని వచ్చే ఏడాదికి పెట్టుకున్నాం.

చివరిగా, అవసరం తీరిన చేపలను, ముఖ్యంగా సకర్ చేపలను, స్వర్ణముఖిలోనో ఊరి చెరువుల్లోనో వదలొద్దని సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. పెంచలేకపోతే సంఘానికి ఇవ్వండి. పరీక్ష కిట్ కోశాధికారి దగ్గర ఉంటుంది. తీసుకెళ్లినవాళ్లు మూతలు బిగించి వారంలోపు తిరిగివ్వాలి. కేహెచ్ సీసా అయిపోవచ్చింది, కొత్తది కొనడానికి వచ్చే సమావేశంలో ఆమోదం కోరుతున్నాం.

ఇట్లు,
కార్యదర్శి