ఫోను నాది, అకౌంటు ఎవరిది?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కడప ఎర్రముక్కపల్లిలో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునేదాన్ని. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. 2025లో మార్చి 30న ఉగాది, మర్నాడే రంజాన్ వచ్చాయి. రెండు పండగల బట్టలూ ఒకేసారి మీద పడి మాలాంటి వాళ్లకు ఆ నెలంతా నిద్ర లేదు. సరిగ్గా పండగలకు పన్నెండు రోజుల ముందు నా ఫోనులో పేర్లన్నీ పోయాయి. ఫోను చేతిలోనే ఉంది, పేర్లు లేవు. ఆ సంగతి చెప్పి, సెల్ షాపుల వాళ్లను ఒక మాట అడుగుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ పేర్లేమిటో చెప్తాను, నవ్వుకున్నా సరే. ‘పచ్చగేటు అక్క’, ‘దర్గా వీధి ఆపా’, ‘బోటునెక్కు ప్రొద్దుటూరు’, ‘లాయరమ్మ చేతులు పొడుగు’, ‘బాకీ 450’. వీళ్లలో సగం మంది అసలు పేర్లు నాకిప్పటికీ తెలియవు. కొందరికైతే పక్కనే ‘36-31’ అని కొలత కూడా పెట్టుకున్నాను, ఆది జాకెట్ తేవడం మర్చిపోతారని. అట్లాంటివి ఆరువందల పైచిలుకు ఉండేవి. నోటుపుస్తకం ఎప్పుడో మానేశాను, అదే తప్పు.

స్టోరేజీ నిండిందని, ఇక మెయిళ్లు రావని ఫోను రోజూ చెప్పడం మొదలుపెట్టింది. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. ఫొటోలు, మెయిళ్లు, డ్రైవ్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. వాట్సాప్ బ్యాకప్పులను కూడా 2024 నుంచి అందులోనే లెక్క కడుతున్నారు. నాకు వచ్చేవేమో అన్నీ ఫొటోలే. ఒక్కొక్కరు ఒక్క జాకెట్ కోసం ఎనిమిది రకాల మెడలు పంపిస్తారు, చివరికి ‘మామూలు గుండ్రం మెడే కుట్టక్కా’ అంటారు. నిండక ఏమవుతుంది?

బజారుకు పోయినప్పుడు ఒక సెల్ షాపులో చూపించాను. ‘అక్కా, కొత్త జీమెయిల్ చేసిస్తా, మళ్లా 15 జీబీ వస్తాది’ అన్నాడు ఆ అబ్బాయి. యాభై రూపాయలు తీసుకుని కొత్తది చేశాడు. పాతది ఇంక ఎందుకని రిమూవ్ నొక్కాడు. నొక్కే ముందు ఫోను అడిగింది, దీన్ని తీసేస్తే దీని మెసేజీలు, కాంటాక్టులు అన్నీ ఈ ఫోనులోంచి పోతాయి, సరేనా అని. అదంతా ఇంగ్లీషులో ఉంది. ఆ అబ్బాయి చదవలేదు, నేను చదివేలోపే ఓకే కొట్టేశాడు.

ఇంటికి వచ్చాక మొదటి ఫోను మోగింది. పది అంకెలు. ‘అక్కా, నా జాకెట్లు అయినాయా?’ ఎవరో తెలియదు. అడిగితే నొచ్చుకుంటారని ‘మీది ఏ కలరమ్మా?’ అన్నాను. ‘అప్పుడే మర్చిపోయినావా?’ అని ఆమె నొచ్చుకోనే నొచ్చుకుంది. వాట్సాప్‌లో మాటలు ఎక్కడివక్కడే ఉన్నాయి గానీ పేర్లుండాల్సిన చోట నంబర్లు కనబడుతున్నాయి. ఎవరి ఫొటో ఎవరిదో తెలియక ఒకామె బోటునెక్కును ఇంకొకామె పట్టుచీర జాకెట్‌కు కుట్టేశాను. లైనింగుతో సహా విప్పి మళ్లీ కుట్టేసరికి రాత్రి రెండయింది.

ఫొటోల సంగతి ఇంకా కష్టం. అంతకు ముందెప్పుడో ఫోను బరువెక్కిందని ‘ఫ్రీ అప్ స్పేస్’ నొక్కి ఉన్నాను. అట్లా నొక్కితే గూగుల్‌లోకి చేరిన ఫొటోలు ఫోనులోంచి చెరిగిపోతాయి, అకౌంటులో మాత్రమే మిగులుతాయి. అకౌంటు తీసేసరికి 2023 ముందు ఫొటోలు ఒక్కటీ కనబడలేదు. నాకు కుట్టడం నేర్పింది మా అత్త. మిషను ముందర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న ఆమె ఫొటో ఒక్కటే ఉండేది, అదీ అందులోనే.

బెంగళూరులో ఉన్న మా చెల్లెలి కొడుక్కి ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాను. ‘పెద్దమ్మా, టెన్షన్ పడొద్దు. ఫోనులోంచి తీసినారు గానీ అకౌంటు చెరిపేయలేదు. అన్నీ గూగుల్ దగ్గర అట్లనే ఉంటాయి. పాత మెయిల్, పాస్‌వర్డ్ చెప్పు’ అన్నాడు. ఏం చెప్పేది? 2020లో ఫోను కొన్నప్పుడు ఆ షాపులో పనిచేసే పిల్లాడే అన్నీ నొక్కి ఇచ్చాడు. నేను పేరు కూడా చెప్పలేదు.

మెయిల్ అడ్రసు ఎట్లా దొరికిందంటే, ఒకసారి మా వీధి నెట్ సెంటరుకు ఆధార్ కార్డు మెయిల్ చేసి ప్రింటు తీసుకున్నాను. ఆయన పాపం ఓపికగా పాత మెయిళ్లన్నీ వెతికి పట్టాడు. చూస్తే అందులో నా పేరే లేదు. ఫోను మోడల్ పేరు, దాని వెనక ఏవో అంకెలు! సరే అని పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే, రికవరీ ఫోనుకు కోడ్ పంపుతామంది. ఆ ఫోను నంబరు చివర 47. నాది 12. ఆ పిల్లాడు తన నంబరే పెట్టుకున్నాడన్నమాట.

ఎవరినెవరినో అడిగితే రాజంపేటలో వేరే పనిలో ఉన్నాడని తెలిసింది. మంచి పిల్లాడే, తిట్టబోయిన దాన్ని తిట్టలేకపోయాను. కోడ్ రాగానే ఫోనులోనే చదివి చెప్పాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు రోజూ మెసేజ్ పెడతారు. నేనేమో నా అకౌంటులోకి పోవడానికి పరాయి మనిషి దగ్గర ఓటీపీ అడుక్కున్నాను. ఈ అయిదేళ్లలో అతను ఆ సిమ్ పారేసి ఉంటే ఎవరి చేతికి పోయేదో. ఇదంతా నా ఫోనులోనే, ఇంటి వైఫై మీదే చేయమని మా వాడు గట్టిగా చెప్పాడు. ఎప్పుడూ వాడే ఫోను, ఎప్పుడూ ఉండే చోటయితే గూగుల్ తొందరగా నమ్ముతుందట.

ఆ తర్వాత పని సులువే. ఒకే ఫోనులో రెండు అకౌంట్లు పెట్టుకోవచ్చని నాకు అప్పుడు తెలిసింది. కొత్తది పెట్టడానికి పాతది తీయనక్కర్లేదు! పాత అకౌంటును మళ్లీ ఎక్కించగానే పేర్లు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. మా వాడు ఫోనులో చెప్తూ వాటిని కాంటాక్ట్స్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి ఒకే ఫైలుగా తీయించి, కొత్త దాంట్లోకి ఇంపోర్ట్ చేయించాడు. వాట్సాప్ సెట్టింగుల్లో చాట్ బ్యాకప్ ఏ అకౌంటుకు పోవాలో మార్పించి, అప్పటికప్పుడే ఒక బ్యాకప్ తీయించాడు. ఫొటోలు పాత దాంట్లోంచి కొత్త దాంట్లోకి షేర్ చేసి సేవ్ చేసుకోవడానికి రెండు రాత్రులు పట్టింది. రికవరీ నంబరు తీసి నాది పెట్టాడు. పాస్‌వర్డ్ ఒక్కటే చాలక ఇంకో రుజువు కూడా అడిగే టూ-స్టెప్ పెట్టి, ఫోను చేతిలో లేకపోయినా లోపలికి పోవడానికి ఎనిమిదంకెల బ్యాకప్ కోడ్లు పది ఇస్తే కాగితం మీద రాసి బీరువాలో రేషన్ కార్డుతో పాటు పెట్టుకున్నాను. పాత అకౌంటును అప్పుడప్పుడు తెరుస్తుండమన్నాడు. రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లను 2023 డిసెంబరు నుంచి గూగుల్ తీసేయవచ్చట.

చివర్లో వాడు ఇంకో మాట చెప్పి నా ఒళ్లు మండించాడు. అసలు కొత్త అకౌంటే అక్కర్లేదట. వాట్సాప్ బ్యాకప్‌లో వీడియోలు వద్దని పెట్టి, పనికిరాని మెడల ఫొటోలు చెరిపేసి ఉంటే చాలా జీబీలు ఖాళీ అయ్యేవట.

నాకొక్కదానికే జరిగిందేమో అనుకున్నాను. మా పొదుపు సంఘంలో పదిమందిమి. మీటింగు రోజు అందరినీ ఫోన్లు తీయమన్నాను. తమ జీమెయిల్ ఏదో చెప్పగలిగింది ముగ్గురు. పాస్‌వర్డ్ తెలిసింది ఒక్కామెకు, అదీ కూతురు చేసిచ్చినందుకు. ఇద్దరికి రికవరీ నంబరు ఎవరిదో కూడా తెలియదు. ఒకామె ఫోనులోనైతే మరిది అకౌంటే ఉంది, ఈమె తీసే ప్రతి ఫొటో ఆయన ఫోనులోకీ పోతోంది. ఆమె ముఖం చూడలేకపోయాను.

అందుకే సెల్ షాపుల వాళ్లను అడిగేది ఒకటే. ఫోను అమ్మేటప్పుడు ఛార్జరు, వారంటీ కార్డు ఇచ్చినట్టే, అకౌంటు అడ్రసు కూడా బిల్లు వెనక రాసివ్వండి. పాస్‌వర్డు మమ్మల్నే కొట్టనివ్వండి, రికవరీకి మా నంబరే పెట్టండి. అయిదు నిమిషాల పని. రద్దీగా ఉందంటే కూర్చుంటాం, పర్వాలేదు, జాకెట్ల కోసం మా ఇంట్లో మీ ఆడవాళ్లు కూర్చోవడం లేదా? వార్డు సచివాలయంలో ఇన్ని రకాల దరఖాస్తులు పెట్టిస్తున్నారు, సంఘాల మీటింగుల్లో ఈ ఒక్క పని చేసి చూపించే మనిషిని పంపితే ఇంకా మంచిది. ఎడిటర్ గారూ, మీరు కూడా జిల్లా పేజీలో ఈ విషయం బొమ్మలతో వేస్తే, ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన మాలాంటి వాళ్లం కత్తిరించి గోడకు అంటించుకుంటాం.

ఇంకొక్క మాట. పేర్లు లేని ఆ నాలుగు రోజుల్లో ఎవరో ఒకామె తమ్ముడి చేత ఆకుపచ్చ పట్టు జాకెట్ బట్ట పంపించి, ‘పోయినసారి కొలతేనక్కా’ అని ఫోన్ చేసింది. ఎవరని అడగడానికి మొహమాటపడ్డాను. పేర్లన్నీ వచ్చాక చూస్తే ఆ నంబరు నా దాంట్లో లేదు, చేస్తే స్విచ్చాఫ్. ఆమె ఈ పేపరు చదివేటట్టయితే, అమ్మా, జాకెట్ కుట్టే పెట్టాను, బీరువాలో ఉంది. కొలత మాత్రం అందాజుగా వేశాను. పక్కల రెండంగుళాలు బట్ట వదిలాను, వచ్చి తొడుక్కుని చూసుకో.

ఇట్లు,
ఒక టైలరు,
ఎర్రముక్కపల్లి, కడప.