సైకిల్ ట్రెయిల్ రివ్యూలో నెలా, గంటా కూడా వెయ్యండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వేసవి సెలవులకి బెంగళూరు చుట్టుపక్కల సైకిల్ దారులంటూ వేసిన జాబితా చదివాను. మౌంటెన్ బైకింగ్, అంటే కొండ బాటల్లో, మట్టి దారుల్లో సైకిల్ తొక్కడం గురించి ఒక తెలుగు పత్రిక అర పేజీ కేటాయిస్తుందని నేనైతే అనుకోలేదు, అందుకు ముందు థ్యాంక్స్. ఆ తర్వాత మాట మాత్రం కాస్త ఘాటుగానే ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. ఒక్కో దారికీ ఎన్ని కిలోమీటర్లో రాశారు, నక్షత్రాలిచ్చారు, 'బిగినర్స్‌కి బెస్ట్' అన్నారు, 'వ్యూ అదుర్స్' అన్నారు. రాసినాయన అక్కడ ఏ నెలలో తొక్కాడు, ఎన్నింటికి మొదలెట్టాడు, నేల ఎలా ఉంది, నీడ ఎంత దూరం ఉంది, నీళ్లు ఎక్కడ దొరుకుతాయి అన్నది వెతికి చూసినా ఒక్క ముక్క కనపడలేదు. మీ ఒక్కరినే అనడం కాదు, యూట్యూబ్‌లోనూ సైకిల్ తొక్కేవాళ్లు వాడే స్ట్రావా యాప్‌లోనూ అదే తంతు. డిసెంబరు పొగమంచులో తీసిన వీడియో చూసి జనం ఏప్రిల్‌లో బయల్దేరుతున్నారు.

చాలా చోట్ల వాడే ట్రెయిల్ గుర్తులు, అంటే ఇలాంటి బాటలు ఎంత కష్టమో చెప్పే గుర్తులు, కొన్ని ఉన్నాయి: ఆకుపచ్చ వృత్తమంటే సులువు, నీలి చతురస్రమంటే మధ్యస్థం, నల్ల డైమండ్ అంటే జాగ్రత్త. అంతర్జాతీయ మౌంటెన్ బైకింగ్ సంఘం, అదే ఇంబా, వీటిని మంచు కొండల మీద స్కీయింగ్ చేసేవాళ్ల గుర్తుల్లోంచి తీసుకుంది. దారి వెడల్పెంత, వాలెంత, పైన నేల ఎలాంటిది, రాళ్లూ వేర్లూ ఎంత ఎత్తున అడ్డమొస్తాయి, ఇవి చూసి గుర్తు వేస్తారు. మంచులో పుట్టిన లెక్కలో ఎండకి చోటెందుకుంటుంది చెప్పండి. అందుకే పొద్దున ఆరింటికి ఆకుపచ్చగా ఉన్న దారి పదకొండింటికి నల్ల డైమండ్ అయిపోయినా బోర్డు మారదు. పైగా మన దగ్గర అసలు బోర్డులే లేవు, ఫోన్లో ఉన్న రివ్యూనే బోర్డు. అందుకే రాసేవాడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయాలంటాను.

'బెంగళూరులో ఎండేంటండీ, ఏసీ సిటీ కదా' అంటారు మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. నిజమే, విజయవాడతో పోలిస్తే ఇక్కడ బతికిపోయాం, తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్నాం మరి. కానీ 2016 ఏప్రిల్‌లో ఇక్కడే 39.2 డిగ్రీలు నమోదైంది. 2024 ఏప్రిల్‌లో అయితే సిటీ వాతావరణ కేంద్రంలో నెల మొత్తానికీ చినుకు పడలేదు. ఇంకో సంగతి, రోడ్డు సైకిల్ తొక్కేవాళ్లకి తగలనిది. రోడ్డు మీద పాతిక ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలే చెమట ఆరబెడుతుంది. అదే కంకర దారిలో ఎగుడు ఎక్కేటప్పుడు గంటకి ఆరేడు కిలోమీటర్లు కూడా పోము, ఒంట్లో ఇంజిన్ మాత్రం ఫుల్లుగా తిరుగుతుంటుంది, మొహానికి గాలి తగలదు, పక్కనున్న బండరాయి పొద్దున్నుంచి తాగిన వేడంతా తిరిగి మన మీదికే వదులుతుంది. అందుకే ఉష్ణోగ్రత 33 అని యాప్‌లో చూసి 'పర్లేదులే' అనుకోవడం కుదరదు.

ఇక నేల సంగతి. నా దృష్టిలో రివ్యూ అంటే సగం నేల గురించే ఉండాలి. బెంగళూరు దగ్గరి నంది హిల్స్ వెనక పల్లెల మధ్య ఉన్న మట్టి బాటలు తీసుకోండి. జనవరి దాటాక ఆ ఎర్రనేల రాయిలా గట్టిపడుతుంది, దాని మీద గ్రానైట్ అరిగి రాలిన గరుకు ఇసుక పొరలా పేరుకుంటుంది. మలుపులో ముందు బ్రేకు పట్టారా, గచ్చు మీద రాగులు ఒలకబోసి వాటి మీద కాలు పెట్టినట్టే, చక్రం ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. జూన్ తర్వాత అదే బాటలో, అందులోనూ చెరువు దగ్గరి పల్లంలో, బంకమట్టి టైరుకి చుట్టుకుని ఫ్రేముకీ చక్రానికీ మధ్య ఇరుక్కుపోతుంది, పుల్ల పెట్టి గోక్కుంటూ సైకిల్‌ని భుజాన వేసుకుని నడవాల్సిందే. బురదలో తొక్కితే ఇంకో నష్టం ఉంది, టైరు వేసిన గాడి ఎండాక అలాగే గట్టిపడిపోతుంది, తర్వాత వాన నీళ్లు ఆ గాడిలోంచే పారి దారిని కోసేస్తాయి. మళ్లీ ఇదే దారిని మంచి వాన పడి, ఒక పూట ఎండ కాసి, మట్టి తడితడిగా గట్టిపడ్డప్పుడు తొక్కి చూడండి. మా వాళ్లు 'హీరో డర్ట్' అంటారు దాన్ని, చేతగానివాడు కూడా హీరోలా మలుపులు తిరుగుతాడని. నవంబరు, డిసెంబరుల్లో ఇలాంటి రోజులు దొరుకుతాయి. ఐదు నక్షత్రాల రివ్యూలన్నీ ఆ రోజుల్లో రాసినవే!

పంక్చర్ల గురించి ఎవరూ రాయరెందుకో. వానాకాలంలో బాట పక్కన పసుపు పూలతో ముద్దుగా నేలకి పాకుతూ కనిపించే పల్లేరు, ఎండాకాలం వచ్చేసరికి కాయలు ఎండి విడిపోయి దారి మీదికి చేరుతుంది. ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది ఆ కాయకి. దానికి తోడు సర్కారు తుమ్మ. ట్యూబ్ టైర్లతో వేసవిలో అటు పోవడమంటే పోయి రావడానికన్నా ప్యాచ్‌లు వెయ్యడానికే ఎక్కువ టైమ్ పడుతుంది. ట్యూబ్‌లెస్ వేసుకున్నా నిశ్చింత లేదు, చిన్న చిన్న పంక్చర్లు పూడ్చడానికి లోపల పోసిన సీలెంట్ ద్రవం మన వేడికి సీసా మీద రాసిన గడువు కన్నా ముందే ఎండిపోయి రబ్బరు ముద్దలా టైరుకి అంటుకుపోతుంది. బయల్దేరే ముందు చక్రాన్ని చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల ద్రవం కదిలిన చప్పుడు రాకపోతే మళ్లీ పోయించాలి.

నేనింత రాయడానికి కారణం మొన్న ఏప్రిల్‌లో జరిగింది. మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక కుర్రాడు, కొత్తగా హార్డ్‌టెయిల్, అంటే ముందు చక్రానికి మాత్రమే కుదుపులు ఆపే సస్పెన్షన్ ఉండే మౌంటెన్ బైక్, కొన్నాడు, ఇలాంటి రివ్యూ ఒకటి చూపించి 'ఈజీ రూట్ అంకుల్' అన్నాడు. చిక్కబళ్లాపురం దాటాక స్కందగిరి వెనక పల్లెల్లోంచి పోయే చుట్టు అది. నాలుగు కార్లలో సైకిళ్లు ఎక్కించుకుని, టిఫిన్లు కానిచ్చి, తొక్కడం మొదలెట్టేసరికి తొమ్మిదయింది. పదకొండు దాటాక, ద్రాక్షతోటల పక్కన చిన్న ఎగుడులో, ఆ అబ్బాయి దిగి నిలబడ్డాడు. 'ఇంకెంత దూరం అంకుల్' అన్నాడు, చెప్పాను. నిమిషం ఆగి మళ్లీ అదే అడిగాడు. మూడోసారీ అదే, మొదటిసారి అడుగుతున్నట్టే. ఒళ్లంతా చెమట కారుతూనే ఉంది. తోటలోంచి ఒక పెద్దావిడ వచ్చి చూసి, ఆ పక్కవాళ్లది మన తెలుగే కదా, 'ముందు ఆ నెత్తిన డిప్ప తియ్యప్పా, ఇంకా సూస్తాండారేంది' అని కేకేసింది. హెల్మెట్ తీసేసి, గట్టు కింద నీడలో పడుకోబెట్టి, డ్రిప్పు పైపు విప్పి తలమీద, మెడమీద, చంకల్లో నీళ్లు పెట్టించింది. ఆమె కొడుకు టెంపోలో తీసుకెళ్లి ఆస్పత్రిలో దించాడు. కుర్రాడు సాయంత్రానికి బాగానే ఉన్నాడు.

ఇది చదివేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. వడదెబ్బంటే చెమట ఆగిపోయి ఒళ్లు పొడిబారుతుందని మనం వింటూ పెరిగాం. సైకిల్ తొక్కుతూ, పరిగెత్తుతూ తెచ్చుకునే వడదెబ్బలో చెమట పడుతూనే ఉండొచ్చు. మాట తడబడటం, అడిగిందే అడగడం, తూలడం, వీటిని చూడాలి. అప్పుడు ఓఆర్ఎస్ కలుపుతూ కూర్చోకూడదు, వెంటనే ఒళ్లు చల్లబరుస్తూనే 108కి ఫోన్ చెయ్యాలి. మామూలు అలసటకైతే ఓఆర్ఎస్సో, ఉప్పేసిన మజ్జిగో, ఎళనీరో, అదే కొబ్బరి బొండం నీళ్లో, ఏదైనా మంచిదే. ఉత్త నీళ్లే లీటర్లకి లీటర్లు తాగడం మాత్రం వద్దు, చెమటతో పోయిన ఉప్పు నీళ్లతో తిరిగి రాదు.

'అయితే తెల్లారకముందే బయల్దేరితే సరి' అంటారు. నంది వైపు సరే. కానీ దక్షిణాన కనకపుర రోడ్డు, బన్నేరుఘట్ట అంచుల్లో ఈ సలహా ఇచ్చేవాడు అక్కడ ఎప్పుడూ తెల్లవారుజామున నిలబడినవాడు కాదు. రాత్రంతా రాగి చేలల్లో మేసిన ఏనుగులు అడవిలోకి తిరిగి వెళ్లే వేళ అది. పంట కోతకొచ్చే రోజుల్లో మరీను. సైకిల్‌కి చప్పుడుండదు, మలుపు తిరిగేదాకా దానికి మనం తెలియం, మనకి అది తెలియదు, వెనక్కి తిప్పుకునే చోటు ఒక్క సైకిలే పట్టే సింగిల్ ట్రాక్‌లో ఉండదు. ఎండేమో తొందరగా పొమ్మంటుంది, ఏనుగేమో ఆగమంటుంది. అక్కడ బాగా వెలుతురొచ్చాక మొదలెట్టి, దూరం సగానికి తగ్గించుకుని, తొమ్మిదికల్లా టీ కొట్టు దగ్గరుండటం తప్ప నాకు వేరే దారి తోచలేదు. ఎండాకాలమైతే అటు మానెయ్యడమే మేలు. అన్నట్టు మీ జాబితాలో 'బన్నేరుఘట్ట అడవి లోపలి ట్రాక్' అని ఒకటుంది. అది నేషనల్ పార్కు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేకుండా లోపలికి పోతే కేసే. పత్రిక వేసింది కదా అని పోయినవాడికి ఫారెస్టు గార్డు దగ్గర ఏం సమాధానముంటుంది?

తురహళ్లి గురించి రెండు మాటలు. ఊరికి ఇంత దగ్గర్లో బండలూ, పొదలూ, చిన్న చిన్న ఎగుడు దిగుళ్లూ ఉన్న అడవి ఇదొక్కటే మిగిలింది, సరదాగా ఉంటుంది, ఆ బండ మీద టైరు పట్టే పట్టు ఇంకెక్కడా రాదు, వానలో మాత్రం అదే బండ పాచి పట్టి జారుడు బల్ల. 2021లో అక్కడ ట్రీ పార్కు కడతామంటే జనం అడ్డం పడి ఆపించారు. అలా కాపాడుకున్న చోటికి ముప్పై సైకిళ్లతో, బ్లూటూత్ స్పీకర్లతో పోవడం ఏం మర్యాదో నాకైతే అర్థం కాదు. సైకిళ్లని రానిస్తున్నారో లేదో ముందు గేటు దగ్గర అడగండి, వద్దంటే తిరిగొచ్చెయ్యండి. హెసరఘట్ట గడ్డి మైదానానికి మీరు నాలుగున్నర నక్షత్రాలిచ్చారు, నేను వేసవిలో ఒకటిస్తాను. చెట్టు నీడన్నది లేదు. నేల మీదే గూడు కట్టుకుని గుడ్లు పెట్టే పిట్టలున్న చోటు, బాట దిగి గడ్డిలో తొక్కితే అవి చక్రాల కింద పోతాయి. 2024లో ఐదు వేల ఎకరాలకి పైగా రక్షిత ప్రాంతంగా చెయ్యడానికి రాష్ట్ర వన్యప్రాణి మండలి ఒప్పుకుంది కూడా. సావనదుర్గ చుట్టూ బాగుంటుంది, కొండ మీదికి మాత్రం సైకిల్ వద్దు.

బయటి దేశాల్లో ఇది ఎప్పుడో ఆలోచించారు. సింగపూర్‌లో మనకన్నా ఉక్క ఎక్కువే, అయినా ఉబిన్ దీవిలో కేతం మౌంటెన్ బైక్ పార్కు 2008 నుంచి నడుస్తోంది, ఏ మలుపు ఎవరికో బోర్డులు పెట్టి మరీ. అమెరికాలో ఫీనిక్స్ ఊరివాళ్లు 2021 నుంచి ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో కొన్ని కొండ దారుల్ని పగటి పూట మూసేస్తున్నారు. మనకి అంత ఏర్పాటు ఇప్పట్లో వస్తుందని నాకు ఆశ లేదు. కానీ రివ్యూలో నాలుగు ముక్కలు ఎక్కువ రాయడానికి సర్కారు అనుమతి అక్కర్లేదు కదా.

కాబట్టి మీ పేజీ బాధ్యత చూసేవారికి నా విన్నపం. తొక్కిన తేదీ, మొదలెట్టిన వేళ, అంతకుముందు వాన ఎప్పుడు పడింది, నీడ లేని ముక్క ఎంత పొడుగు, మధ్యలో నీళ్లు దొరికే ఊరు ఏది, కాలు నడవకపోతే ఆటో వచ్చే రోడ్డు ఎంత దూరం, ఇవి లేని రివ్యూ వెయ్యకండి. దారి ఎవరి పొలం గట్టు మీంచి పోతుందో కూడా రాయించండి. చిక్కబళ్లాపురం, బాగేపల్లి వైపైతే మనవాళ్లకి సాకు కూడా లేదు, 'అన్నా, ఈ దావన పోవచ్చునా' అని తెలుగులోనే అడగొచ్చు, 'పోండి, గేటు మాత్రం వేసి పోండి' అని తెలుగులోనే చెప్తారు. గేటు తీసి వదిలేసి పోయే బ్యాచ్‌ల వల్ల ఒక బాటకి ఇప్పటికే కంప అడ్డం వేసేశారు.

ఆ వేసవి జాబితాలోంచి కనీసం బన్నేరుఘట్ట ముక్కని వచ్చే ఆదివారమే సవరించి వెయ్యండి, సెలవులు ఇంకా ఉన్నాయి. నంది వెనక దారుల మీద వానలు తగ్గాక నేనే రాసి పంపుతాను, నచ్చితే వేసుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జేపీ నగర్, బెంగళూరు