నీ దీవి దేశంలో అధ్యక్షుడు ఎలా గెలవాలి?

ఒరేయ్ శ్రీనూ,

నీ నవల చిత్తుప్రతి చదివాను. రేవు, దీవుల మధ్య తిరిగే పడవలు, ప్రచార సభలు అన్నీ కళ్లకు కట్టాయి. కానీ ఎన్నికల అధ్యాయంలో ‘ఓట్లు లెక్కపెట్టారు, సేనాని అధ్యక్షుడయ్యాడు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావేంట్రా? కథంతా ఆ రోజు కోసమే కదా నడిచింది! అభ్యర్థుల గుణగణాల సంగతి తర్వాత. ముందు ఆ దేశ రాజ్యాంగంలో గెలుపు నిబంధన ఏమిటో రాసుకో. ఎవరు గెలుస్తారన్నది సగం అక్కడే తేలిపోతుంది.

నీ ముగ్గురినే తీసుకుందాం. చెల్లిన ఓట్లు 10 లక్షలు. సేనానికి 3,80,000, లాయరమ్మకు 3,30,000, రైతు నాయకుడికి 2,90,000 వచ్చాయనుకో. ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లదే గెలుపు అంటే సేనాని అధ్యక్షుడు, 62 శాతం మంది వేరేవాళ్లకి వేసినా సరే. సగం దాటాలి అంటే మొదటి ఇద్దరి మధ్య రెండో విడత. రైతు నాయకుడి ఓట్లలో 2 లక్షలు లాయరమ్మకు, 90 వేలు సేనానికి పడితే ఆవిడ 5,30,000తో గెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి విను. లాయరమ్మకు వేసినవాళ్లలో 2,60,000 మంది, సేనానికి వేసినవాళ్లలో 3 లక్షల మంది రెండో ఇష్టం రైతు నాయకుడే అనుకో. ముఖాముఖి నిలబెడితే అతను సేనాని మీద 5,50,000తో గెలుస్తాడు, లాయరమ్మ మీద 5,90,000తో గెలుస్తాడు. ఇద్దరినీ ఓడించగలిగినవాడు మొదటి విడతలోనే బయటికి పోయాడు! నీ కథకు గుండెకాయ ఇక్కడుందని నా గట్టి నమ్మకం. దీన్ని వదులుకోకు.

ఇలాంటి దెబ్బలు నిజంగానే తగులుతాయి. 2002లో ఫ్రాన్స్‌లో మొదటి విడతకు 16 మంది నిలబడ్డారు. వామపక్ష ఓటు ముక్కలైపోయి, ప్రధానిగా ఉన్న జోస్పాఁ 16.18 శాతంతో మూడో స్థానంలో ఆగిపోయాడు. 16.86 శాతం తెచ్చుకున్న తీవ్ర మితవాద నాయకుడు లె పెన్ రెండో విడతకు వెళ్లి, అక్కడ అప్పటి అధ్యక్షుడు షిరాక్ చేతిలో 82 శాతానికి 18గా ఓడిపోయాడు. శ్రీలంకలో రెండో విడత పోలింగు ఉండదు. ఓటరు అదే బ్యాలెట్ మీద 1, 2, 3 అని అంకెలు వేయొచ్చు. ఎవరూ సగం దాటకపోతే మొదటి ఇద్దరిని ఉంచి, మిగతావాళ్ల బ్యాలెట్ల మీద రెండు, మూడు ప్రాధాన్యాలు చూస్తారు. 2024లో మొదటిసారి ఆ అవసరం వచ్చింది. ఖర్చు తక్కువే గానీ, నీ రైతు నాయకుడు అక్కడా బతకడు. సేనాని గెలుపుకు అడ్డం వేయాలనుకుంటే ఓట్ల ‘వ్యాప్తి’ నిబంధన పెట్టు.

నైజీరియాలో అదుంది. అందరికన్నా ఎక్కువ ఓట్లు రావాలి, దాంతోపాటు మూడింట రెండొంతుల రాష్ట్రాల్లో కనీసం 25 శాతం చొప్పున రావాలి. ఒక్క ప్రాంతం అండతో ఎవరూ గద్దెనెక్కకూడదని. 1979లో అక్కడ 19 రాష్ట్రాలు. 19లో మూడింట రెండొంతులు ఎంత? పన్నెండూ, ఇంకో రెండొంతులు! అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చిన షగారికి 12 రాష్ట్రాల్లో 25 శాతం దాటింది, పదమూడోదైన కానోలో దాటలేదు. పదమూడు కావాలని రెండో స్థానంలో ఉన్న అవొలొవొ కోర్టుకెక్కాడు. పన్నెండూ రెండొంతులు చాలని సుప్రీంకోర్టు షగారి గెలుపును నిలబెట్టింది. కాబట్టి నీ దేశంలో జిల్లాలు మూడుతో భాగించబడని సంఖ్యలో పెట్టు. ఏడు జిల్లాలైతే నాలుగూ రెండొంతులు వస్తుంది, గొడవ దానంతట అదే పుడుతుంది. సేనానికి నాలుగు జిల్లాల్లోనే బలం ఉందని రాస్తే చాలు, ఆ భిన్నం దగ్గరే అతని గెలుపు ఇరుక్కుపోతుంది.

ఇక మోసం సంగతి. పెట్టెలు ఎత్తుకుపోయే దృశ్యం తీసెయ్, అది పాతబడిపోయింది. అసలు ప్రమాదం ఫలితాల పత్రం బూత్ నుంచి పై కేంద్రానికి వెళ్లే దారిలో ఉంటుంది. 14 లక్షల ఓటర్లకు బూత్‌కి 700 మంది చొప్పున 2,000 బూత్‌లు వేసుకో. ఒక్కోదానికి 750 బ్యాలెట్లు పంపారనుకో. సాయంత్రం పెట్టెలో 510, వాడకుండా మిగిలినవి 234, పాడైపోయి ఓటరు వెనక్కిచ్చినవి 6. మూడూ కలిపితే 750 రావాలి. రాకపోతే లెక్కింపు మొదలెట్టకూడదు. వచ్చాక ఓట్లు అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, ఒక ప్రతి తలుపుకి అంటించాలి. ఆ తలుపు మీది కాగితమే ప్రతిపక్షానికి ఆయుధం. చూడు: సగం బూత్‌ల పత్రాల్లో, దారి మధ్యలో, లాయరమ్మ నుంచి 30 ఓట్లు తీసి సేనానికి కలిపారనుకో. వెయ్యి బూత్‌లకు 30 వేలు. రెండో విడతలో 5,30,000, 4,70,000గా ఉన్నది సరిగ్గా చెరి 5 లక్షలైపోతుంది! ఏ బూత్‌లోనూ మొత్తం మారదు గనక, కూడి చూస్తే దొరకదు. తలుపు మీది ప్రతితో పోలిస్తేనే దొరుకుతుంది.

మలావీలో 2019 ఎన్నికను కోర్టు రద్దు చేసినప్పుడు పట్టుబడ్డ తప్పుల్లో ఫలితాల పత్రాల మీద పూసిన వైట్‌నర్ ఒకటి. వేరే దుర్మార్గం ఏమీ అక్కర్లేకుండానే ఎన్నిక పాడవుతుందనడానికి ఆస్ట్రియాను చూడు. 2016లో తేడా 30,863 ఓట్లు. పోస్టల్ ఓట్ల కవర్లను చాలాచోట్ల గడువుకు ముందే, ఉండాల్సినవాళ్లు లేకుండా తెరిచారని కోర్టు ఎన్నిక కొట్టేసింది. మళ్లీ పోలింగు పెడితే కవర్ల జిగురు ఊడిపోతోందని తేలి, అక్టోబరు నుంచి డిసెంబరుకు వాయిదా పడింది.

నీ దీవుల్లో చదువురాని వాళ్లు ఎక్కువన్నావు. అయితే గాంబియా పద్ధతి పరిశీలించు. అక్కడ ఓటంటే గోలీ. ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు డ్రమ్ము, పైన చిన్న గొట్టం. గోలీ వేస్తే లోపలి గంట మోగుతుంది. రెండుసార్లు మోగితే దొంగ ఓటని బయట కూర్చున్న అధికారికి తెలిసిపోతుంది. కింద పడ్డాక మళ్లీ చప్పుడు కాకుండా అడుగున ఇసుకో రంపపు పొట్టో పోస్తారు. సైకిలు బెల్లు మోగి గందరగోళం కాకుండా బూత్ దగ్గరికి సైకిళ్లు రానివ్వరు. లెక్కింపుకి 200, 500 గుంటలున్న పళ్లేలు వాడతారు, నిండిన పళ్లేలు లెక్కపెడితే చాలు. అయితే, గోలీకి రెండో ప్రాధాన్యం ఉండదు. ఇది పెట్టుకుంటే శ్రీలంక పద్ధతి మర్చిపో.

చివరగా తేదీలు. మొదటి విడత ఫలితం ఖరారైతే గానీ రెండో విడత బ్యాలెట్లు అచ్చుకి వెళ్లవు. ఫ్రాన్స్‌లో మధ్య వ్యవధి 14 రోజులే, కానీ నీ దీవులకు పడవల మీద చేరాలి, 21 రోజులు ఇవ్వు. ఫలితం ప్రకటించడానికి 7 రోజులు. ఆ తర్వాత కెన్యా లెక్క తీసుకో: కేసు వేయడానికి 7 రోజులు, సుప్రీంకోర్టు తీర్పుకు 14, రద్దయితే 60 రోజుల్లో మళ్లీ పోలింగు. 2017లో అక్కడ సరిగ్గా ఇదే జరిగింది. మొదటి విడత నుంచి అన్నీ కలిపితే 109 రోజులు. నీ చిత్తుప్రతిలో ప్రమాణ స్వీకారం ముప్పయ్యో రోజున పెట్టావు. అంటే కేసు వేయడానికి ఇంకా ఐదు రోజులుండగానే సేనాని కుర్చీలో కూర్చున్నాడు. పొరపాటున పెట్టి ఉంటే తేదీ జరుపు. కావాలనే పెట్టి ఉంటే మాత్రం, తీర్పు వ్యతిరేకంగా వచ్చిన రోజు సంతకాలు ఎవరు పెడతారో, పాత అధ్యక్షుడా, సభాపతా, అది తేల్చి రాయి. ఆ అధ్యాయం తిరగరాయగానే పంపు, లెక్కలన్నీ నేను కూడి చూస్తాను.

నీ
రాజు