శంఖం ఊదండి, మాస్కు మాత్రం అటక ఎక్కించకండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీలో ‘శంఖం ఊదితే గురక దూరం’ అన్న వార్త వచ్చిన దగ్గర నుంచి మా వీధిలో తెల్లవారుజామున శంఖనాదాలు వినిపిస్తున్నాయి. వైకుంఠ ఏకాదశి ముందే వచ్చిందా అని కొత్తగా అద్దెకు దిగినవారు అడుగుతున్నారు. దానికి నా అభ్యంతరమేమీ లేదు. కానీ మా ఎదురింటి పెద్దాయన రాత్రిళ్లు పెట్టుకునే, మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రాన్ని పెట్టెలో సర్ది అటక ఎక్కించారని తెలిశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ని. నాకూ స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి పదేపదే ఆగే జబ్బు ఉంది, అదీ తీవ్రమైన రకం. కాబట్టి ఇటు వ్యాయామాన్నీ అటు యంత్రాన్నీ వెనకేసుకొచ్చే హక్కు నాకుందనుకుంటాను.

మీ వార్తకు ఆధారం జైపూర్ వైద్యులు 2025లో ప్రచురించిన అధ్యయనం. మంచిదే, కాకపోతే చిన్నది. మధ్యస్థ స్థాయి ఆప్నియా ఉన్న 30 మందిలో 16 మంది శంఖం ఊదారు, 14 మంది దీర్ఘశ్వాసలు సాధన చేశారు. రోజుకు కనీసం 15 నిమిషాలు, వారానికి అయిదు రోజులు, ఆరు నెలలు. శ్వాస సాధన చేసినవారితో పోలిస్తే శంఖం ఊదినవారికి పగటి మగత 34 శాతం తక్కువగా ఉంది. నిద్రలో ఊపిరి ఆగడం గంటకు నాలుగైదు సార్లు తగ్గింది. ఈ చివరి అంకెను మీరు వేయలేదు. రోగికి కావలసింది అదే.

నిద్ర పరీక్షలో ఊపిరి కనీసం పది సెకన్లపాటు ఆగినా, బాగా సన్నగిల్లినా ఒకటిగా లెక్క కడతారు. గంటకు 5 నుంచి 15 వరకు స్వల్పం, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. 18 ఉన్న మనిషికి అయిదు తగ్గితే స్వల్ప స్థాయికి దిగుతాడు, సంతోషించాలి. 50 ఉన్న మనిషికి అయిదు పోయినా ఇంకా 45 మిగిలే ఉంటాయి. మా ఎదురింటాయనది ఈ రెండో లెక్క.

అలాగని వ్యాయామాన్ని చిట్కా వైద్యమని తీసిపారేసేవారితోనూ నాకు పేచీ ఉంది. నాలుక వెనుక, మెత్తటి అంగిలి దగ్గర గాలి దారికి ఎముక ఆసరా లేదు. మెలకువలో కండరాలే దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలితే, తడిసిన కాగితపు స్ట్రాతో కొబ్బరినీళ్లు పీల్చినప్పటిలా గోడలు అతుక్కుంటాయి. సీప్యాప్ గాలి ఒత్తిడితో ఆ దారిని తెరిచి ఉంచుతుంది. వ్యాయామం ఆ కండరాలనే దారికి తేవాలని చూస్తుంది. 2006లో స్విట్జర్లాండ్‌లో 25 మందిపై జరిగిన పరీక్షలో, ఆస్ట్రేలియా ఆదివాసుల డిడ్జరీడూ అనే పొడవాటి ఊదుడు వాద్యాన్ని నాలుగు నెలలు సాధన చేసినవారికి ఆప్నియా తగ్గింది. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ కూడా 2017లో దానికి దక్కింది, అదీ శాంతి విభాగంలో! పక్కన పడుకునేవారి సంగతి తెలిసిన న్యాయనిర్ణేతలన్నమాట. మన నాదస్వర విద్వాంసుల గొంతులనూ ఎవరైనా ఇలా పరీక్షిస్తే చూడాలని ఉంది.

ఏ వాద్యమూ లేకుండా చేసేవీ ఉన్నాయి. బ్రెజిల్‌లోని సావోపౌలోలో మధ్యస్థ స్థాయి రోగులు 31 మందిపై చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. గొంతు వ్యాయామాలు చేసినవారికి మూడు నెలల్లో గంటకు సుమారు 22 ఉన్న లెక్క 14 లోపుకు దిగింది. నాలుకను మొత్తంగా అంగిలికి అంటించి పీల్చి పట్టడం, నాలుక కొనను కింది పళ్లకు ఆనించి వెనుక భాగాన్ని కిందికి నొక్కడం, ‘అ’ అంటూ కొండనాలుకను పైకి లేపడం, బుగ్గ లోపల వేలు పెట్టి బయటికి తోస్తుంటే బుగ్గతో ఎదురు ఒత్తడం, ఇలాంటివి. చదవడానికి తేలికే. బస్కీలు సగం వంగి లెక్క పూర్తిచేసే పిల్లలను ఎందరినో పట్టుకున్నాను కానీ, నోటి లోపల నాలుక చేసే దొంగాటను పట్టుకోవడం నా వల్ల కాలేదు. స్పీచ్ థెరపిస్టుగా పనిచేసే మా తమ్ముడి కోడలు ఎదురుగా కూర్చుని, “పెదమామయ్యగారూ, కదలాల్సింది నాలుక, మీ దవడ కదులుతోంది” అని దిద్దితే తప్ప నాకు పట్టుబడలేదు. ఫోనులో వీడియో చూసి చేసేవారిని ఎవరు దిద్దుతారు?

సావోపౌలో నుంచే 2017లో వచ్చిన మరో పరిశోధన నాకు మరీ నచ్చింది. ఈ వ్యాయామాలు చేసినవారు సీప్యాప్‌ను మరింత క్రమంగా పెట్టుకున్నారట. మాస్కు ఇబ్బందిగా ఉందని తీసేసేవారు మన దగ్గర కోకొల్లలు. వ్యాయామాన్ని యంత్రానికి తోడుగా చూడాలని నేననడం అందుకే.

నడక సంగతీ మీ వార్తలో లేదు. అమెరికాలోని దక్షిణ కరోలినాలో 12 వారాలు వ్యాయామం చేయించినప్పుడు బరువు పెద్దగా తగ్గకుండానే ఆప్నియా లెక్క దాదాపు నాలుగో వంతు తగ్గింది. పగలంతా కూర్చుంటే కాళ్లలో చేరిన నీరు పడుకున్నాక మెడ వైపు మళ్లి దారిని ఇరుకు చేస్తుందని, నడక దాన్ని కొంత ఆపుతుందని ఒక వివరణ. గంటల తరబడి స్టీరింగు ముందు కూర్చునే బస్సు, లారీ డ్రైవర్లకు ఇది ముందుగా చెప్పాలి. పగటి కునుకు వారికి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

నాకు పరీక్ష చేసిన ప్రైవేటు ఆసుపత్రిలో యంత్రాల ధరల పట్టిక చేతిలో పెట్టారు కానీ, గొంతు వ్యాయామాల ఊసే ఎత్తలేదు. ఫోను వీడియోలవారు యంత్రం ఊసెత్తరు. మళ్లీ నిద్ర పరీక్ష చేయించుకోమని ఇద్దరూ అనరు. కోఠీలోనూ విశాఖలోనూ ఉన్న ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రుల్లో స్పీచ్ థెరపిస్టుల చేత ఈ వ్యాయామాలు నేర్పించి, మూడు నెలల తర్వాత పరీక్ష చేసి, అప్పుడు ఎవరికి యంత్రం అవసరమో తేల్చవచ్చు. తీవ్ర స్థాయివారు ఆ మూడు నెలలూ మాస్కు పెట్టుకునే ఉండాలి. రక్తపోటు, నీటికాసులు ఉన్నవారు శంఖం పట్టేముందు తమ డాక్టరును అడగాలి, గట్టిగా ఊదితే కంటిలోనూ ఒత్తిడి పెరుగుతుంది.

మీరు చేయగలిగిందీ ఒకటుంది. ఆ వార్త వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో, అది మధ్యస్థ స్థాయివారిపై జరిగిన పరీక్ష అని మరోసారి వేయండి. పక్కనే గొంతు వ్యాయామాలను బొమ్మలతో ఇవ్వండి. ఫొటోలకు నోరు తెరిచి నిలబడేవారు దొరకకపోతే నేను వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు,
తెనాలి