గుట్టెక్కితే సరిపోదు, రాయిని చూపించాలి

సంపాదక మహాశయా,

హైదరాబాద్ గుట్టలను కాపాడాలని 1996లో ఏర్పడిన 'సొసైటీ టు సేవ్ రాక్స్' రాక్ వాక్‌లు, అంటే గుట్టల మీద నడకలు, నిర్వహిస్తుంటుంది. స్కూళ్లు, కాలనీ సంఘాలు కూడా ఈ పని చేపట్టాలి. కాకపోతే గుట్టెక్కి గ్రూప్ ఫొటో దిగి, టిఫిన్ చేసి దిగొస్తే పిల్లలకు ఒరిగేదేమీ లేదు.

ఈ గుండ్లను అగ్నిపర్వతం విసిరిందనో, వరద దొర్లించుకొచ్చిందనో చాలామంది నమ్ముతారు. రెండూ నిజం కావు. ఇది సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో గడ్డకట్టిన గ్రానైట్. పైనున్న రాళ్లు అరిగి బరువు తగ్గేకొద్దీ పగుళ్లిచ్చింది, వాటిలోకి నీరు దిగింది. చదునైన ముఖం మీద నీటి దెబ్బ ఒక్క వైపు నుంచే. మూల మీద మూడు వైపుల నుంచీ. అందుకే మూలలు ముందు చివికి రాయి గుండ్రబడింది. చుట్టూ ఉన్న మొరం కొట్టుకుపోయాక గుండు మీద గుండు మిగిలింది. రోడ్డు కోసం గుట్టను కోసినచోట మొరంలో సగం కూరుకుని ఉన్న గుండును చూపిస్తే ఉపన్యాసం అక్కర్లేదు.

పది రెట్లు పెద్దది చేసి చూపే హ్యాండ్ లెన్స్ ఇద్దరికొకటైనా ఉండాలి. చాలామంది దాన్ని చేయి చాచి పట్టుకుంటారు, ఏమీ కనిపించదు. కంటికి దాదాపు ఆనించి, రాతిముక్కనే దగ్గరకు తేవాలి. గ్రానైట్‌లోని ఖనిజాల్లో, ఎండలో తిప్పుతుంటే చదునుగా తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్, గాజుపెంకులా అడ్డదిడ్డంగా విరిగి ఉండేది క్వార్ట్జ్. గోటికి పొరలుగా ఊడేది నల్ల అభ్రకం. ఇందుకు సుత్తి వద్దు, పాత క్వారీ దగ్గర రాలిన ముక్కలు చాలు.

గ్రానైట్‌ను చీల్చుకుంటూ పోయిన నల్లరాతి పట్టీ, అంటే డోలరైట్ డైక్, కనిపిస్తే మాత్రం అరగంటైనా అక్కడే ఆగండి. పట్టీ నడుమ రేణువులు లెన్స్‌లో విడివిడిగా కనిపిస్తాయి. అంచుకొచ్చేసరికి మరీ సన్నబడతాయి, కరిగిన రాయిగా పగులులోకి చొరబడినప్పుడు చల్లటి గ్రానైట్‌కు తగిలి ఆ భాగం త్వరగా గడ్డకట్టింది కాబట్టి. రెండు రాళ్లలో ఏది ముందు పుట్టిందో పిల్లలనే చెప్పమనండి. అయితే అక్కడ దిక్సూచిని పూర్తిగా నమ్మొద్దు. డోలరైట్‌లోని మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజం ముల్లును పక్కకు లాగవచ్చు. పక్కనే ఉన్న ఫోన్ కూడా లాగుతుంది.

గైడ్‌కు పదిహేను మంది మించితే వెనకున్నవాళ్లకు ఏమీ వినిపించదు. గైడ్ ముందురోజు అదే దారిలో నడిచి చూడాలి. తేనెపట్లు ఉన్న వైపు వెళ్లకూడదు. పొగ, ఘాటైన సెంటు తేనెటీగలను రేపుతాయి. తట్టితే డొల్లగా మోగే పలకల మీద ఎవరినీ నిలబడనీయకూడదు, అవి కిందనున్న రాయిని వదిలేసినవి. వానలో నాచు జారుతుంది కాబట్టి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉదయం వేళే మేలు.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఇలాంటి నడకల ప్రకటన వేసేటప్పుడు గైడ్ ఎవరు, ఏ రాళ్లు చూపిస్తారు, ఎంతమందిని తీసుకుంటారు అన్నది కూడా నిర్వాహకులను అడిగి ప్రచురించండి.

- భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, హైదరాబాద్