పాత రోడ్డు తవ్వకుండా కొత్త రోడ్డు పోయకండి

సంపాదకుడు గారికి,

బరంపురం శివారు కాలనీల్లో కొత్త సిసి రోడ్ల ప్రారంభోత్సవం గురించి మీ పత్రికలో గత వారం వార్త వచ్చింది. రోడ్డు పొడవు రాశారు, ఖర్చు రాశారు, కొబ్బరికాయ కొట్టినవారి పేర్లన్నీ రాశారు. ఆ రోడ్డు ఇళ్ళ గడపలకు ఎంత ఎత్తులో ఉందో మాత్రం ఒక్క ముక్క లేదు. వానాకాలంలో ఇళ్ళను ముంచేది ఆ ఎత్తే.

లెక్క చిన్నదే. జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి బేస్‌మెంటు చుట్టూ ఉన్న నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర, ఎత్తుండాలి. సిసి రోడ్డు ఒక పొర 15 సెంటీమీటర్లు. పాతది తీయకుండా మూడుసార్లు పోస్తే ఆ అడుగున్నరా అయిపోయినట్టే. నియమం ప్రకారం కట్టుకున్న ఇల్లు, ఇటుక కదలకుండానే పల్లంలో పడుతుంది. గేటు తెరుచుకోదు. మెట్లు రోడ్డులో కలిసిపోతాయి. నీళ్ళ పైపు వాల్వులు కాంక్రీటు కింద పూడిపోతాయి. తర్వాత లీకు వస్తే కొత్త రోడ్డును పగలగొట్టి, ఆ గోతిలో మట్టి కప్పేసి వెళ్ళిపోతారు.

పాత రోడ్డు పునాదిలా గట్టిగా ఉంటుంది కదా అని కొందరు ఇంజనీర్లు చెప్తున్నారు. పగిలిన కాంక్రీటు మీద నేరుగా పోస్తే కింది పగులు పైకి వస్తుంది, అదే చోట, అదే గీతలో. బ్రేకరుతో పాతది తీసి, ఆ ముక్కల్ని కంకరగా నలిపి అడుగున పరిచి రోలర్ తొక్కించాలి. తారు రోడ్డయితే పై పొర గీకే యంత్రాలున్నాయి. పగుళ్ళు ఇష్టమొచ్చినట్టు రాకుండా, పోసిన రోజులోపే రోడ్డుకు అడ్డంగా జాయింట్లు కోయాలి, కనీసం రెండు వారాలు తడి గోనెలతో క్యూరింగ్ చెయ్యాలి. పగలగొట్టి మోసే పని అంచనాలో రాయకపోతే కాంట్రాక్టరు తనంతట తాను చెయ్యడు, అందుకే ముందు అంచనానే సరిదిద్దాలి. తమిళనాడులో 2021లో ప్రధాన కార్యదర్శే పాత పొర గీకకుండా కొత్తది వెయ్యొద్దని ఆదేశాలిచ్చారు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనమూ ఆ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నాం. అక్కడ వీలైన పని ఇక్కడ ఎందుకు కాదు?

కాలువల సంగతి ఇంకా ఘోరం. కాలువ లెవెల్, నీళ్ళు చివరికి కలిసే గెడ్డ (వాగు) దగ్గర మొదలుపెట్టి పైకి రావాలి. 200కి 1 వాటం అనుకుంటే వంద మీటర్లకు అర మీటరు పల్లం కావాలి. మన దగ్గర వార్డుకో పని, పనికో కాంట్రాక్టరు. ఒక వార్డు కాలువ అడుగు, నీళ్ళు అందుకోవాల్సిన పక్క వార్డు కాలువ కన్నా కిందకుంటే నీరు ఎటు పోతుంది? అక్కడే నిలిచి దోమలు పెరుగుతాయి. రోడ్డు ఎత్తు పెరిగిందని కాలువ అడుగు కూడా పెంచేస్తే ఇంటి పైపు మురుగులో మునుగుతుంది, స్నానాల గదిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎదురు తంతుంది. వెనక్కి రాకుండా వాల్వు పెట్టుకోమని సలహా ఇస్తారు. అది బయటి నీటిని ఆపుతుంది నిజమే, కానీ కాలువ నిండినంతసేపూ ఇంట్లో నీరు కూడా బయటికి పోదు. గుంత తవ్వి మోటారు పెట్టాలి. వానకి కరెంటు పోతే మోటారూ ఉండదు. ఆ ఖర్చంతా ఇంటివాళ్ళ నెత్తినే.

ఇళ్ళవాళ్ళకూ ఒక మాట. బండి ఎక్కడానికి కాలువలోకి ర్యాంపు దించి సిమెంటుతో పూడ్చేస్తే పైనున్న పది ఇళ్ళకు నీళ్ళు ఆగిపోతాయి. తీయడానికి వీలైన పలకలు వేసుకోండి.

అసలు తప్పు పొలాలు ప్లాట్లయినప్పుడే మొదలైంది. ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద వరి పొలాన్ని ఘరబారిగా, అంటే ఇళ్ళ స్థలంగా మార్చుతారు, ఒక్కో ప్లాటుకు ఒక్కో కాగితం. ఆ పొలం నీరు ఏ గట్టు దాటి ఏ గెడ్డలో పడేదో చూసే అధికారి ఆ వరుసలో ఒక్కరూ లేరు. గెడ్డ పూడింది, ప్రహరీ లేచింది. 2013 అక్టోబరులో గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తిత్లీ తీరం దాటాయి. నేల నానిపోయి ఉండే నెలలోనే మనకు తుపాను వస్తుందని తెలిసీ, దాన్ని లెక్కలోకి తీసుకోకుండా కాలనీలకు అనుమతులు ఎలా ఇస్తారు?

పనికి ముందు గడపల లెవెల్, రోడ్డు లెవెల్, గెడ్డ లెవెల్ మూడూ రాసిన పట్టిక వీధిలో అతికించాలి, ఒడియాలోనూ తెలుగులోనూ. అది లేని పనికి బిల్లు చెల్లించకూడదు. కాలనీవాళ్ళు కూడా కాంక్రీటు పడేదాకా ఆగొద్దు. నీళ్ళు నింపిన పారదర్శక గొట్టంలో గాలి బుడగ లేకుండా చూసుకుని, ఒక కొస గడప దగ్గర, రెండో కొస వీధి చివర పట్టుకుంటే, రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి తేడా తెలిసిపోతుంది. అంచనా, కొలతల పుస్తకం చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద ఫారం-ఎ నింపి, 10 రూపాయలు కట్టి అడగండి. ఆ చట్టంలోని 2(జె) సెక్షను కాగితాలనే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసి, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఇచ్చింది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా