తొట్టిలో నీరు రెండు దిక్కులా కదలాలి

సంపాదకులు గారికి,

ఇళ్లలో చేపల పెంపకంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం మేత, ఫిల్టరు, నీటి మార్పిడి గురించి చక్కగా వివరించింది గానీ, నీటి ప్రవాహాన్ని ఒక్క వాక్యంతో సరిపెట్టింది. నెల్లూరు ఎండల్లో అది చాలదు. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకు చేరేసరికి అది ఏడున్నరకు పడిపోతుంది. నీరు పైకీ కిందికీ తిరుగుతూ ఉంటేనే ఆ కాస్తయినా అడుగుకు అందుతుంది.

నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఏ దిశలో పెడితే చెరువులో మడ్డి ఎక్కడ చేరుతుందో మన జిల్లా రొయ్యల రైతులకు బాగా తెలుసు. ఇంట్లో తొట్టికీ ఇదే వర్తిస్తుంది. ఒకే పంపును ఒక మూల బిగించి రోజంతా నడిపితే రాళ్ల వెనక నీరు కదలని చోటు ఎప్పటికీ అలాగే ఉండిపోతుంది. అక్కడ గోధుమరంగు మడ్డి, దానిపై తెల్లగా బూజుపట్టిన మేత గుళికలు పేరుకుంటాయి. అవి కుళ్లి అమ్మోనియా పుడుతుంది. ఇంకా పెద్ద పంపు పెట్టినా ఆ మూల అలాగే ఉంటుంది, పైగా చేపలు ఎదురీదలేక అలసిపోతాయి.

రెండు చిన్న పంపులను ఎదురెదురు అద్దాలకు, నీటిమట్టానికి కాస్త దిగువన బిగించి, ఒకటి ఆగగానే రెండోది నడిచేలా టైమర్లు అమర్చితే, ఇందాక కదలని చోటికి ఇప్పుడు ప్రవాహం తగిలి మడ్డి లేచి ఫిల్టరులోకి పోతుంది. మైపాడు తీరాన పోటూ పాటూ సుమారు ఆరేసి గంటలకు మారతాయి; తొట్టికి పావుగంటో అరగంటో చాలు, మామూలు ప్లగ్ టైమర్లు ఆ పని చేస్తాయి. సెకన్లలో మారాలంటే అందుకోసమే తయారైన వేవ్‌మేకర్ కొనాలి, ఎందుకంటే మామూలు పంపును అలా ఆపుతూ నడిపితే లోపల నీటిని తోసే చక్రం (ఇంపెల్లర్) త్వరగా అరుగుతుంది. ఫైటర్ చేపల తొట్టికి మాత్రం ఇంత ప్రవాహం వద్దు.

ఫిల్టరును ఈ టైమర్లకు ఎన్నడూ కలపరాదు. నీరు ఆగితే అందులో అమ్మోనియాను హరించే బ్యాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. పంపు తీగలను ప్లగ్గు కంటే కిందికి వేలాడేలా వదిలితే తీగ వెంట జారే నీటిబొట్టు సాకెట్లోకి చేరదు; కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు తప్పనిసరి. పంపులు అమ్మే దుకాణదారులు ఈ జాగ్రత్తలను కొనేవారికి చెప్పాలని, మీరు కూడా తదుపరి వ్యాసంలో వీటిని చేర్చాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, దర్గామిట్ట, నెల్లూరు